డబుల్ బేస్ బదులు ఎలక్ట్రిక్ అప్‌రైట్ బేస్ తీసుకోవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. కొన్నేళ్లుగా బేస్ గిటార్ వాయిస్తున్న మీకు ఇప్పుడు డబుల్ బేస్ (నేల మీద నిలబెట్టి వాయించే పెద్ద కొయ్య బేస్) నేర్చుకుని జాజ్ బృందంలో వాయించాలని, వీలైతే కమాను కూడా పట్టాలని ఉంది. ఇంట్లో అంత పెద్ద వాద్యానికి చోటు లేదు, గోడ అవతలి వారికి నిద్రాభంగం కలిగించడం ఇష్టం లేదు. అందుకని ఎలక్ట్రిక్ అప్‌రైట్ బేస్, అంటే పెద్ద పెట్టె లేకుండా నిలబెట్టి వాయించే విద్యుత్ బేస్ కొంటే సరిపోతుందా, రేపు అసలు డబుల్ బేస్ ముందు నిలబడినప్పుడు నేర్చుకున్నది అక్కరకు వస్తుందా అని అడిగారు. నేను రెండూ వాయిస్తాను, రెండింటి మీదా విద్యార్థులకు పాఠం చెబుతాను కాబట్టి నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సరైన నమూనా ఎంచుకుంటే ఎడమచేయి నేర్చుకున్నది దాదాపు అంతా డబుల్ బేస్ మీద పనికొస్తుంది. కుడిచేయి నేర్చుకున్నది సగమే పనికొస్తుంది, పైగా వదిలించుకోవలసిన అలవాట్లు కొన్ని అంటుకుంటాయి. ధ్వని విషయానికి వస్తే ఇవి రెండూ వేర్వేరు వాద్యాలు, ఆ తేడాను యాంప్లిఫైయర్ మీది మీటలు తిప్పి పూర్తిగా పూడ్చలేము.

ఎలక్ట్రిక్ అప్‌రైట్ అన్న పేరుతో దొరికేవన్నీ ఒకే రకం వాద్యాలు కావు. ఈ ఆలోచన కొత్తదీ కాదు. రికెన్‌బాకర్ వంటి తయారీదారులు 1930లలోనే, అంటే ఫెండర్ ప్రెసిషన్ బేస్ 1951లో రావడానికి చాలా ముందే, నిలబెట్టి వాయించే విద్యుత్ బేస్‌లు తయారుచేశారు. ఆంపెగ్ సంస్థ 1962లో తెచ్చిన బేబీ బేస్ చెలో (వయొలిన్ కుటుంబంలో డబుల్ బేస్ కంటే చిన్న వాద్యం) అంత పరిమాణంలో ప్లాస్టిక్ శరీరంతో ఉండేది. దాని పొట్టి, మొద్దు ‘దబ్’మనే ధ్వని డబుల్ బేస్‌ను పోలలేదు గాని సల్సా అనే లాటిన్ అమెరికన్ నృత్య సంగీతపు వాద్యకారులకు అది ఎంతగా నచ్చిందంటే, ఆ సంగీతంలో ఈనాటికీ ఆ ధ్వనినే వెతుక్కుంటారు. జర్మనీకి చెందిన ఎబర్‌హార్డ్ వెబర్ పైన అదనంగా ఒక సి తీగ ఉన్న అయిదు తీగల విద్యుత్ బేస్ మీద దీర్ఘంగా పాడే స్వరాలతో తనదైన శైలిని నిర్మించుకున్నారు. ఆ సల్సా వాద్యకారులు గాని వెబర్ గాని డబుల్ బేస్‌ను అనుకరించడానికి ప్రయత్నించలేదని గమనించండి. ఇవాళ మార్కెట్లో డబుల్ బేస్ భంగిమను, కొలతలను జాగ్రత్తగా అనుసరించే యమహా సైలెంట్ బేస్ వంటివి ఒక వైపు ఉన్నాయి. నెడ్ స్టైన్‌బర్గర్ రూపకల్పన చేసిన ఎన్‌ఎస్ డిజైన్ వాద్యాల వంటి, స్టాండు మీద నిలిచే సన్నని వాద్యాలు మరో వైపు ఉన్నాయి. ఇక నిలబెట్టిన ఫ్రెట్‌లెస్ (మెడ మీద స్వరస్థానాలను గుర్తించే లోహపు మెట్లు, అంటే ఫ్రెట్లు లేని) బేస్ గిటార్ అనదగ్గవి కూడా ఇదే పేరుతో అమ్ముడవుతున్నాయి. మీ లక్ష్యం డబుల్ బేస్ అయినప్పుడు ఈ మూడో రకం మీకు పనికిరాదు.

కనుక మొదట చూడవలసింది తీగ పొడవు, అంటే మెడ పై చివర తీగలు ఆనే నట్ నుంచి శరీరం మీద అవి ఆనే బ్రిడ్జి వరకు ఉన్న దూరం. వాద్యకారుల్లో అత్యధికులు వాడే ముప్పావు (3/4) సైజు డబుల్ బేస్‌లో ఇది సుమారు 104 నుంచి 106 సెంటీమీటర్లు ఉంటుంది. మామూలు బేస్ గిటార్‌లో 86.4 సెంటీమీటర్లు. చూడడానికి ఇది చిన్న తేడాలాగే ఉంటుంది కాని చేతికి చాలా పెద్దది. 104 సెంటీమీటర్ల తీగ మీద ఖాళీ తీగ (వేలు పెట్టని తీగ) నుంచి మొదటి అర్ధస్వరానికి దూరం దాదాపు 5.8 సెంటీమీటర్లు, పూర్ణస్వరానికి 11.3 సెంటీమీటర్లకు పైమాటే. బేస్ గిటార్‌లో అవే దూరాలు 4.8, 9.4 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతాయి. డబుల్ బేస్ కింది స్థానాల్లో మూడో వేలిని నాలుగో వేలికి ఊతంగా ఉంచి, ఒకటి, రెండు, నాలుగు వేళ్లతో ఒక పూర్ణస్వరాన్నే కప్పే పద్ధతి ఈ కొలతల వల్లనే స్థిరపడింది. మీకు వేలికొక ఫ్రెట్ చొప్పున నాలుగు వేళ్లూ పరచడం అలవాటై ఉంటుంది. తీగ పొడవు తక్కువ ఉన్న అప్‌రైట్ కొంటే ఆ అలవాటే సాగుతుంది, ఎందుకంటే అక్కడ అది ఎలాగోలా సరిపోతుంది. ఆ వేళ్లతో డబుల్ బేస్ దగ్గరికి వెళితే ప్రతి నాలుగో వేలి స్వరమూ శ్రుతికి తక్కువగా పడుతుంది, చేయి కూడా త్వరగా నొప్పి పెడుతుంది. 104 సెంటీమీటర్లకు అటూ ఇటూగా లేని వాద్యాన్ని, అది ఎంత అందంగా ఉన్నా, ఈ ప్రయోజనం కోసం తీసుకోవద్దనే నా సలహా.

కొలత తరువాత చూడవలసినవి ఆనవాళ్లు. డబుల్ బేస్‌కు ఫ్రెట్లు లేవు కాబట్టి చేయి తన స్థానాన్ని వాద్యపు ఆకారాన్ని తడిమి తెలుసుకుంటుంది. మెడ శరీరంలో కలిసే వంపులో బొటనవేలు ఆగినప్పుడు చూపుడువేలు అన్నిటికంటే సన్నని జి తీగ మీద డి స్వరం దగ్గర, కొన్ని వాద్యాల్లో ఇ ఫ్లాట్ దగ్గర పడుతుంది. వాద్యకారుడు చూడకుండా పెద్ద దూరం దాటి శ్రుతిలో దిగగలగడానికి ఆ వంపే ఆధారం. అక్కడి నుంచి పైకి వెళ్లాలంటే ముంజేయి వాద్యం భుజాన్ని దాటుకుని పోవాలి, బొటనవేలు మెడ వెనుక నుంచి తీగ మీదికి రావాలి. ఎలక్ట్రిక్ అప్‌రైట్లలో కొన్నింటికి ఈ వంపును అదే చోట చెక్కి ఇస్తారు. కొన్నింటికి మెడ చివరిదాకా ఒకే మందంలో సాగిపోతుంది. భుజాలు లేకపోవడం వల్ల పై స్థానాలు మరీ తేలికగా అందుతాయి. అది వాయించేటప్పుడు సుఖంగానే ఉంటుంది గాని నేర్చుకునేవాడికి అంత మేలు చేయదు. ఫింగర్‌బోర్డ్ (వేళ్లతో తీగలను నొక్కే పలక) అంచున చుక్కలు ఉంటే వాటి మీద టేపు అంటించమని నా విద్యార్థులకు చెబుతాను. చుక్కలకు అలవాటుపడిన కన్ను చెవికి పని చెప్పదు.

నిలబెట్టే విధానం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొనేవారు దీన్ని తరచుగా ఉపకరణాల కింద లెక్కేసి వదిలేస్తారు. డబుల్ బేస్ నేల మీద ఒక్క ఊచ మీద నిలుస్తుంది. దాని వెనుక అంచు మీ ఎడమ తుంటికి, పొట్టకు ఆనుతుంది, కొందరు ఎడమ మోకాలిని కూడా ఆసరాగా ఇస్తారు. ఈ ఆసరా ఉన్నందువల్లనే ఎడమచేతితో తీగను నొక్కేటప్పుడు బొటనవేలితో పట్టకారులా బిగించనక్కరలేదు, చేతి బరువును వెనక్కి వదిలితే చాలు, ఆ బరువును శరీరం ఎదురునిలిచి మోస్తుంది. మూడు కాళ్ల స్టాండు మీద ఉండే సన్నని వాద్యంలో ఈ ఎదురు ఉండదు. చేతి బరువు వదిలితే వాద్యం మీ వైపు తిరగడమో ఒరగడమో జరుగుతుంది. దాన్ని ఆపడానికి తెలియకుండానే బొటనవేలు బిగుస్తుంది. కొన్ని నెలలకు బొటనవేలి మొదట్లో నొప్పి మొదలవుతుంది, వాద్యకారుడు తీగలు బిగువుగా ఉన్నాయని వాటి మీదికి నెపం తోస్తాడు. సైలెంట్ బేస్‌లో డబుల్ బేస్ అంచుల ఆకారంలో విడదీయగల చట్రం ఇవ్వడానికి కారణం ఇదే. మీరు ఏది తీసుకున్నా శరీరానికి కనీసం రెండు చోట్ల ఆనే ఏర్పాటు అందులో ఉందో లేదో చూడండి. దుకాణంలో పరీక్షించేటప్పుడు కుడిచేయి పూర్తిగా తీసేసి, ఎడమచేతితో మాత్రమే కింది స్థానం నుంచి వంపు వరకు ఒక తీగ మీద జారుతూ వెళ్లండి. వాద్యం కదలకుండా నిలిస్తే మంచిది. అది తిరిగిపోతూ ఉంటే రేపు ఇంట్లోనూ అలాగే తిరుగుతుంది.

ఇప్పుడు ధ్వని. డబుల్ బేస్ అట్టడుగు తీగ ఇ పౌనఃపున్యం సుమారు 41 హెర్ట్జ్. ఆ పెద్ద పెట్టె ఆ అట్టడుగు స్వరాన్ని బలంగా వెలువరిస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి డబుల్ బేస్ లోపలి గాలి అనునాదం 60 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది, పై పలక ప్రధాన అనునాదం 100 హెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది. 41 హెర్ట్జ్ దగ్గర ఆ పెట్టె చాలా బలహీనంగా పలుకుతుంది. మనం వినేది ఎక్కువగా 82, 123 హెర్ట్జ్ దగ్గరి అనుస్వరాలు, అంటే హార్మోనిక్స్. వాటి మధ్య దూరాన్ని బట్టి మెదడు మూలస్వరాన్ని తానే ఊహించుకుంటుంది. ఎలక్ట్రిక్ అప్‌రైట్‌లో బ్రిడ్జి కింది పికప్ తీగ కదలికను నేరుగా విద్యుత్తుగా మారుస్తుంది కాబట్టి 41 హెర్ట్జ్ మూలస్వరం పూర్తి బలంతో స్పీకరుకు చేరుతుంది. ఫలితంగా ధ్వని పెద్దగా, లోతుగా అనిపిస్తూనే, బృందంలో కలిసేసరికి ఎక్కడ ఏ స్వరం పలికిందో తెలియని గుయ్‌మనే మోతగా మారుతుంది. చాలామంది అప్పుడు బేస్ మీటను ఇంకా పెంచుతారు. చేయవలసింది దానికి విరుద్ధం. 40 నుంచి 60 హెర్ట్జ్ మధ్య ఎక్కడో ఒకచోట హైపాస్ ఫిల్టర్ పెట్టి అడుగును కత్తిరిస్తే స్వరం స్పష్టమై, వింతగా డబుల్ బేస్‌కు దగ్గరవుతుంది. పెట్టె చేసే పనిని ఫిల్టర్ కొంతవరకు చేస్తుందన్నమాట.

రెండో తేడా స్వరం నిలిచే కాలం. డబుల్ బేస్‌లో తీగ శక్తిని బ్రిడ్జి ద్వారా పలుచని స్ప్రూస్ కొయ్య పలక లాక్కుని గాలిలోకి పంపేస్తుంది. అందుకే మీటగానే బలమైన ‘ధమ్’ అనే ఆరంభం, ఆ తరువాత త్వరగా తగ్గిపోవడం జరుగుతాయి. నడక బేస్‌లో, అంటే జాజ్‌లో తాళానికొక స్వరం చొప్పున నడిచే బేస్‌లో, ఒక్కో అడుగు విడిగా వినిపించడానికి ఈ తగ్గుదలే కారణం. గట్టి కొయ్య శరీరం ఉన్న ఎలక్ట్రిక్ అప్‌రైట్ ఆ శక్తిని తీసుకోదు, తీగ తన శక్తితో తానే చాలాసేపు ఊగుతుంది. కాబట్టి ప్రతి స్వరం తరువాతి స్వరం మీదికి పాకుతుంది, ధ్వని ఫ్రెట్‌లెస్ గిటార్‌ను తలపిస్తుంది. దీనికి మందు కొంత తీగల్లో, కొంత చేతిలో ఉంది. థోమాస్టిక్ స్పైరోకోర్ వంటి ఉక్కు తీగలు అసలే ఎక్కువసేపు మోగుతాయి. డబుల్ బేస్ మీద అది గుణమే గాని ఇక్కడ అతి అవుతుంది. సింథటిక్ కోర్ తీగలు స్వరాన్ని తొందరగా ముగిస్తాయి. అయితే మీ వాద్యంలో గిటార్ తరహా మాగ్నెటిక్ పికప్ ఉంటే ఉక్కు లేని తీగలు దానికి వినిపించవు, తీగలు మార్చే ముందు ఇది చూసుకోండి. బ్రిడ్జి దగ్గర తీగల కింద పలుచని స్పాంజి ముక్క దూర్చడం చవకైన ఉపాయం, పని చేస్తుంది కూడా. అన్నిటికంటే ముఖ్యమైనది ఎడమచేతిని సరైన క్షణంలో సడలించి స్వరాన్ని ముగించడం, మీటని తీగలను ఖాళీ వేళ్లతో తాకి ఉంచడం. బేస్ గిటార్ వాయించిన మీకు ఈ నైపుణ్యం ఇప్పటికే కొంత ఉంటుంది.

కుడిచేయి సగమే పనికొస్తుందని పైన ఎందుకన్నానో ఇప్పుడు చెబుతాను. డబుల్ బేస్ మీద పిజికాటో, అంటే తీగను వేలితో మీటడం, వేలి కొనతో చేసే పని కాదు. బొటనవేలు ఫింగర్‌బోర్డ్ చివర అంచుకు ఆనుతుంది, చూపుడువేలు తీగకు దాదాపు సమాంతరంగా వాలుతుంది, దాని పక్క కండ మొత్తంగా తీగను పట్టుకుంటుంది, ముంజేయి బరువుతో తీగ పక్కకు లాగబడి వదలబడుతుంది, వేలు వెళ్లి తరువాతి తీగ మీద ఆగుతుంది. ఎంత కండ తీగను తాకితే స్వరం అంత గుండ్రంగా వస్తుంది, ఎంత బరువు వెళితే అంత దూరం వినిపిస్తుంది. ఆ పెట్టెను కదిలించడానికి ఆ శ్రమ తప్పదు. ఎలక్ట్రిక్ అప్‌రైట్‌లో శ్రమను యాంప్లిఫైయర్ తీసుకుంటుంది. వేలి కొనతో గీకినా గదంతా నిండే శబ్దం వస్తుంది. పైగా వీటిలో తీగల ఎత్తును తక్కువగా ఉంచుతారు. డబుల్ బేస్‌లో ఫింగర్‌బోర్డ్ చివర ఇ తీగ కింద 8 నుంచి 10 మిల్లీమీటర్ల ఖాళీ ఉండడం మామూలైతే, వీటిలో అందులో సగానికే అమర్చి ఉండడం చూస్తుంటాను. కొన్ని నెలల్లో చేయి తేలికదనానికి అలవాటుపడుతుంది. అటువంటి చేయి డబుల్ బేస్ మీద మీటితే మూడడుగుల దూరానికి కూడా సరిగా చేరని సన్నని స్వరం వస్తుంది, తొలి అరగంటలోనే వేలికి బొబ్బలు లేస్తాయి.

దీన్ని చాలావరకు నివారించవచ్చు. తీగలను దుకాణం ఇచ్చిన ఎత్తులో వదలకుండా డబుల్ బేస్ ఎత్తుకు దగ్గరగా పెంచండి. సాధన చేసేటప్పుడు హెడ్‌ఫోన్ల శబ్దాన్ని సాధ్యమైనంత తగ్గించి, వినబడడానికి చేయి కష్టపడేలా చేయండి. వాద్యంలో నేరుగా వచ్చే సన్నని శబ్దాన్ని, అంటే పికప్ లేకుండా చెవికి చేరే తీగ మోతను, కొంతసేపు అలాగే వింటూ వాయించండి. గదిలో అవతలి మూల ఉన్నవారికి ఆ మోత వినబడితే మీ చేయి సరైన దారిలో ఉన్నట్టే. యాంప్లిఫైయర్ శబ్దాన్ని పెంచి చేతిని తేలిక చేసుకోవడం వేదిక మీద ఎంత సుఖమో, ఈ దశలో అంత నష్టం.

కమాను విషయంలో నా తీర్పు ఇంకొంచెం కఠినంగా ఉంటుంది. ముందుగా బ్రిడ్జి పైభాగం వంపుగా ఉందో లేదో చూడండి. అది గిటార్‌లాగా చదునుగా ఉంటే మధ్య తీగలైన ఎ, డి లను విడిగా కమానుతో పలికించడం సాధ్యం కాదు, ఇక ఆ వాద్యం మీద కమాను ప్రసక్తే ఎత్తనక్కరలేదు. అలాగే శరీరపు నడుము భాగం కమానుకు అడ్డం రాకుండా లోపలికి ఉండాలి. వంపు సరిగా ఉన్నా, పీజో పికప్ (ఒత్తిడిని విద్యుత్తుగా మార్చే రకం) రోజన, అంటే కమానుకు పూసే జిగురు, చేసే గరగరను తీగ స్వరం కంటే ముందుకు తెస్తుంది. డబుల్ బేస్‌లో ఆ గరగరను పెద్ద పలక మింగేస్తుంది, కొన్ని అడుగుల దూరంలో అది వినబడదు. కమానుతో తీగ పక్కకు ఊగుతుంది, మీటినప్పుడు పైకీ కిందికీ కూడా ఊగుతుంది. ఎన్‌ఎస్ డిజైన్ వాద్యాల్లో ఏ దిశ కదలికను పికప్ పట్టుకోవాలో మార్చుకునే మీట ఉండడానికి ఇదే కారణం, ఆ మీట నిజంగా ఉపయోగపడుతుంది. కమాను సూటిగా లాగడం, తీగ మారేటప్పుడు మోచేతి కోణం, కమాను వేగం నేర్చుకోవడానికి ఎలక్ట్రిక్ అప్‌రైట్ సరిపోతుంది. కాని బరువు, వేగం, బ్రిడ్జి నుంచి దూరం ఈ మూడింటి పొత్తుతో స్వరం రంగు మార్చడం అనే అసలు విద్య డబుల్ బేస్ ఇచ్చే ప్రతిస్పందన లేకుండా పట్టుబడదు. కమాను మీకు ముఖ్యమైతే నెలకు కొన్ని గంటలైనా అసలు వాద్యం దొరికే ఏర్పాటు చేసుకోండి.

విద్యుత్ సంగతుల్లో ఒక్క విషయం దగ్గర ఆగుతాను, ఎందుకంటే “నా వాద్యం పలుచగా, గిలకలాగా మోగుతోంది” అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం అక్కడే ఉంటుంది. పీజో పికప్ విద్యుత్ పరంగా ఒక చిన్న కెపాసిటర్‌లా ప్రవర్తిస్తుంది. దాన్ని ఏ యాంప్లిఫైయర్‌కు కలిపితే ఆ యాంప్లిఫైయర్ ఇన్‌పుట్ ఇంపీడెన్స్‌తో (వచ్చే విద్యుత్ సంకేతానికి అది చూపే నిరోధంతో) కలిసి అది తనంతట తానే ఒక హైపాస్ ఫిల్టర్‌గా మారుతుంది. పికప్ కెపాసిటెన్స్ 1 నానోఫారడ్ అనుకుందాం. గిటార్ యాంప్లిఫైయర్లలో మామూలుగా ఉండే 1 మెగాఓమ్ ఇన్‌పుట్‌కు దాన్ని కలిపితే కోత మొదలయ్యే పౌనఃపున్యం దాదాపు 159 హెర్ట్జ్ అవుతుంది. అంటే 41 హెర్ట్జ్ ఇ స్వరం నాలుగో వంతుకు పడిపోతుంది. అదే 10 మెగాఓమ్‌ల ఇన్‌పుట్ ఉన్న ప్రీయాంప్‌కు (యాంప్లిఫైయర్‌కు ముందు సంకేతాన్ని సిద్ధం చేసే పరికరానికి) కలిపితే కోత 16 హెర్ట్జ్‌కు దిగి, తీగ స్వరమంతా చెక్కుచెదరకుండా వస్తుంది. 10 కిలోఓమ్‌ల లైన్ ఇన్‌పుట్‌కు నేరుగా కలిపితే టకటక శబ్దాలు తప్ప ఏమీ మిగలదు. హైపాస్ పెట్టమని పైన చెప్పింది నేనే గదా అనవచ్చు. ఆ కోత మీరు ఎంచుకున్న చోట, మీరు కోరినంత ఉండాలి. ఇక్కడ ఇంపీడెన్స్ చేసే కోత మరీ పైనుంచి మొదలై స్వరం ఒంటినే తినేస్తుంది. వాద్యంలోనే బ్యాటరీతో పనిచేసే ప్రీయాంప్ ఉంటే ఈ సమస్య దాదాపుగా ఉండదు. బ్యాటరీ లేని వాద్యమైతే పీజో కోసం తయారుచేసిన ప్రీయాంప్ ఒకటి విడిగా కొనాలి, దాని ఖర్చును వాద్యం ధరలో కలిపే లెక్క వేసుకోండి.

డబుల్ బేస్‌ను మైక్రోఫోన్‌తో పట్టిన ధ్వనిని నమూనాగా తీసుకుని, పికప్ ధ్వనికి పెట్టె స్వభావాన్ని జోడించే పరికరాలు ఇప్పుడు ఉన్నాయి. యమహా ఎస్‌ఎల్‌బీ 300లో అటువంటి వ్యవస్థ వాద్యంలోనే ఉంది. హెడ్‌ఫోన్లలో వినేటప్పుడు, రికార్డింగులో వెనుక వరుసలో ఉన్నప్పుడు ఇవి బాగానే నమ్మిస్తాయి. బేస్ ఒంటరిగా వినిపించే చోట కొంచెం చెవి పెట్టి వినేవారికి తేడా తెలుస్తూనే ఉంటుంది.

హెడ్‌ఫోన్లు తప్పనిసరిగా వైరు ఉన్నవే వాడండి. బ్లూటూత్‌లో శబ్దం చెవికి చేరడానికి పట్టే ఆలస్యం తరచుగా సెకనులో పదో వంతుకు మించుతుంది, లయ సాధనకు అది విషమే. అప్‌రైట్ పూర్తిగా నిశ్శబ్దం కాదని కూడా తెలుసుకోండి. మీటినప్పుడు పక్క గదికి వినబడదు, కమానుతో అయితే గదిలోని వారికి బాగానే వినబడుతుంది. ఊచ ద్వారా నేలలోకి దిగే కంపనాన్ని తగ్గించడానికి కింద మందపాటి రబ్బరు పలక వేస్తే కింది అంతస్తు వారికీ ఇబ్బంది ఉండదు.

వేదిక మీదికి వస్తే లెక్క తారుమారవుతుంది. డ్రమ్స్, గిటార్ యాంప్లిఫైయర్లు గట్టిగా మోగే చోట డబుల్ బేస్ తన పై పలకతోనే స్పీకర్ శబ్దాన్ని అందుకుని ఫీడ్‌బ్యాక్ (ఆగని కూత) ఇస్తుంది. దాన్ని అదుపులో పెట్టడానికి నాచ్ ఫిల్టర్లు, ఫేజ్ మీట, మైక్రోఫోన్ స్థానం అంటూ సాయంత్రమంతా కుస్తీ పట్టాలి. ఎలక్ట్రిక్ అప్‌రైట్‌కు ఆ బాధ లేదు. వాతావరణం మారితే డబుల్ బేస్ పలక ఉబ్బుతుంది, కుంగుతుంది, తీగల ఎత్తు మారుతుంది, అంటుకున్న అతుకులు విడిపోతాయి. దీనికి ఆ బాధ చాలా తక్కువ. ప్రయాణం సంగతి వేరే చెప్పనక్కరలేదు. గట్టిగా మోగే బృందంతో ఊరూరా తిరిగే వాద్యకారులకు ఇది డబుల్ బేస్ కంటే నిస్సందేహంగా మెరుగైన వాద్యమని నేను నమ్ముతాను, అలా వాడుకునే వారిని డబుల్ బేస్ భక్తులు చిన్నచూపు చూడడం నాకు నచ్చదు. అయితే పియానో, బ్రష్‌లతో డ్రమ్స్, ఒక సాక్సోఫోన్ మాత్రమే ఉన్న నెమ్మదైన బృందంలో పరిస్థితి వేరు. అక్కడ అందరి శబ్దమూ వారి వాద్యాల నుంచే గదిలో పరుచుకుంటుంది, మీ శబ్దం మాత్రం వెనుకనున్న స్పీకర్ పెట్టె నుంచి వస్తుంది. డ్రమ్మర్ మీ చేతి బరువును విని తన శబ్దాన్ని తగ్గించడం, పెంచడం చేస్తాడు. మీ శబ్దాన్ని యాంప్లిఫైయర్ మీట నిర్ణయిస్తే ఆ సంభాషణ తెగిపోతుంది. ఇటువంటి బృందంలో అప్‌రైట్ వాయించక తప్పకపోతే స్పీకర్‌ను నేల మీద కాకుండా కొంచెం ఎత్తులో, మీకు దగ్గరగా పెట్టుకుని, శబ్దాన్ని డబుల్ బేస్ సహజంగా ఇచ్చేంత దగ్గరే ఆపండి. ఆర్కెస్ట్రాలో బేస్ వరుసలో అయితే దీనికి చోటు లేదు.

మీ పరిస్థితికి నేను చెప్పేది ఇది. ఇంట్లో సాధనకు ఎలక్ట్రిక్ అప్‌రైట్ తీసుకోండి. తీగ పొడవు 104 సెంటీమీటర్ల దగ్గర, బ్రిడ్జి వంపుగా, మెడ వంపు డి లేదా ఇ ఫ్లాట్ దగ్గర, శరీరానికి ఆనే చట్రంతో ఉన్నదే చూడండి. ఈ నాలుగింటిలో ఏదైనా వదులుకోవలసి వస్తే మెడ వంపును వదులుకోవచ్చు, తీగ పొడవును మాత్రం వదులుకోకూడదు. తొలి పాఠాలు మాత్రం ఎలాగైనా డబుల్ బేస్ మీదే, గురువు ఎదుట చెప్పించుకోండి. కుడిచేతి బరువు అంటే ఏమిటో, ఆ పెట్టె పొట్టకు ఆనించి కంపించడం ఎలా ఉంటుందో ఒకసారి శరీరానికి తెలిశాక ఇంటి దగ్గరి వాద్యం మీద చేయి ఏమి వెతకాలో దానికి తెలుస్తుంది. ఆ తరువాత వారానికి ఒకసారైనా అద్దె వాద్యం గాని, పాఠశాలలోని వాద్యం గాని, తోటి వాద్యకారుడి వాద్యం గాని దొరికేలా చూసుకోండి. దొరికిన ఆ గంటను కొత్త పాటలకు ఖర్చు చేయకుండా, ఖాళీ తీగల మీద కమానుకు, నెమ్మదైన నడక బేస్‌లో కుడిచేతికి కేటాయించండి. మిగతా సాధనంతా, అంటే స్థానాలు, శ్రుతి, పాటల స్వరక్రమాలు, లయ, ఇంటి దగ్గర హెడ్‌ఫోన్లలో చక్కగా సాగుతుంది. శ్రుతి సాధన విషయంలో అక్కడే కొంత మెరుగు కూడా, ఎందుకంటే గది ప్రతిధ్వని కప్పిపుచ్చే చిన్న తేడాలు హెడ్‌ఫోన్లలో దాగవు.

కొనే ముందు కమానును కూడా వెంట తీసుకువెళ్లి, దుకాణంలోని యాంప్లిఫైయర్‌లో మీటలన్నీ మధ్యలో ఉంచి ఎ, డి తీగలను విడివిడిగా లాగి చూడండి. ఏ తీగ అయినా మిగతావాటి కంటే గట్టిగానో సన్నగానో వినిపిస్తే బ్రిడ్జి కింద పికప్ సరిగా కూర్చోకపోయి ఉండవచ్చు. దాన్ని సరిచేయించి మళ్లీ వినిపించమని అడిగాకే డబ్బు కట్టండి.